ఎర్రదారం కట్టి పిలవండి

ఆకుపచ్చ గుడ్డ మొహం మీద పడగానే నేను మాయమైపోయాను, మిగిలింది మెడ ఒక్కటే. గుడ్డ మధ్యలో అరచెయ్యంత కంత, ఆ కంతలో నా కుడి మెడ, చెవి కిందనుంచి కాలర్ బోన్ దాకా, వాళ్లకి కావలసింది అంతే, తక్కిన మనిషి గుడ్డ కింద నోరు మూసుకుని ఊపిరి పీలుస్తూ పడి ఉంటే చాలు. తల ఎడమకి తిప్పేశారు, భుజాల కింద దిండు దూర్చారు, గాలాడాలని గుడ్డని ఎడమవైపు కాస్త ఎత్తిపెట్టారు గనక ఆ సందులోంచి ఒక స్టూలు కాలు, నర్సు తెల్లచెప్పులు, గోడ అడుగున పెచ్చూడిన టైలు ఒకటి కనిపిస్తున్నాయి. "కదలొద్దు మేడమ్, మాట్లాడొద్దు, మాట్లాడితే మెడ కదులుతుంది. నొప్పనిపిస్తే సిస్టర్ చెయ్యి నొక్కండి" అన్నాడు నత్త. నత్త అంటే సర్జనే. బయట బోర్డు మీద వాడి పేరూ, పేరు వెనక తోకలా డిగ్రీలూ ఉన్నాయి, నాకు మాత్రం నత్తే. నా దగ్గర చదువుకునే రోజుల్లో, శవాలు కోసి నేర్చుకునే డిసెక్షన్ హాల్లో మిగతా బల్లల వాళ్లంతా చేతులు కడుక్కుని క్యాంటీన్‌కి పోయాక కూడా వీడు వంగి కూర్చుని ఒక చర్మం ముక్కని ఒలిచి ఒలిచి నా ప్రాణం తీసేవాడు, "ఒరేయ్ నత్తా, ఆయన పోయి చాలా కాలమైందిరా, ఇంకా నొప్పి పుడుతుందని భయమా?" అని నేనంటే బల్లంతా ఘొల్లున నవ్వేది, పేరు అలా అతుక్కుపోయింది. వాళ్లు నాకు పెట్టిన పేరు మెడ మేడమ్. అనాటమీలో చెయ్యి, కాలు, పొట్ట మీరు పంచుకోండి, మెడ మాత్రం నాకొదిలేయండి అని డిపార్ట్‌మెంట్‌లో పోట్లాడి తెచ్చుకున్నదాన్ని, సర్వీసంతా మెడే చెప్పాను. ఇప్పుడు ఆ మెడే బల్ల మీద ఉంది, నేను చూడ్డానికి వీల్లేని చోట.

గడ్డని కనిపెట్టింది కూడా నేను కాదు, మా అక్క. అక్కకి నడుం కిందనుంచి కాళ్లు పనిచెయ్యవు, వెన్నులో జబ్బు చేసి కొన్నేళ్లయింది, కోర్టులో టైపిస్టుగా చేసిన మనిషి, వేళ్లు మాత్రం ఇప్పటికీ ఇనుమే. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. పొద్దున్నే మంచం మీంచి ఆవిణ్ణి చక్రాల కుర్చీలోకి మార్చడం నా పని. నేను వంగుతాను, తను రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసి వెనకాల వేళ్లు పెనవేస్తుంది, నా కుడి భుజం తన చంక కింద, అప్పుడు "హైలెస్సా" అని కేక పెడుతుంది, మోసేది నేను, కేక తనది, బరువులెత్తే కూలీల మీద మేస్త్రీలాగా. ఒకసారి ఆయాని పెట్టి చూశాం, ఆ అమ్మాయి జారవిడిచింది, తుంటి నల్లగా కమిలిపోయి అక్క పక్షం రోజులు పక్కమీద అటూ ఇటూ పొర్లలేకపోయింది, అప్పట్నుంచి ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనివ్వదు. "నన్ను ఎత్తేవాళ్లకి నామీద కాస్త కోపం ఉండాలే, కోపం లేనివాళ్లు వదిలేస్తారు" అంటుంది. ఆ పొద్దున మెడ వెనక పెనవేసిన వేళ్లలో ఒక వేలు పక్కకి జరిగి ఆగింది. "ఏంటే ఇది, గింజలా తగుల్తోంది?" అంది నా చెవిలో. "ఏ గింజ?" అన్నాను నేను, సగం ఎత్తి ఉన్నాను, దించలేను, నిలబడలేను. "నీ మెడలో. బఠాణీ గింజంత." కుర్చీలో కూర్చోబెట్టి తడిమి చూసుకుంటే నిజమే. ఊళ్లో వాళ్ల మెడలన్నీ తడిమిన దాన్ని, నా మెడకి సబ్బు రాసుకుంటూ ఎన్నాళ్లు దాని మీంచి చెయ్యి పోనిచ్చానో. నొప్పి లేదు, అదే బాధ, నొప్పి పుట్టే గడ్డని నమ్మొచ్చు గానీ నొప్పి లేనిదాన్ని నమ్మకూడదు. సూదితో తీసి చూస్తే ఏమీ తేల్లేదు, కోసి ముక్క తీయాల్సిందే అన్నారు. అక్క అప్పట్నుంచి నా మెడ పట్టుకోవడానికి జంకుతోంది, చొక్కా పట్టుకుంటుంది, వీపు పట్టుకుంటుంది, జారబోతూ చివరికి గత్యంతరం లేక మెడే పట్టుకుని "నొచ్చిందా?" అంటుంది.

"చీమ కుట్టినట్టు ఉంటుంది మేడమ్" అన్నాడు నత్త, మెడలోకి మత్తు సూది గుచ్చుతూ. చీమట, చీమ. కందిరీగ అనొచ్చుగా, నేనేమన్నా పసిపిల్లనా. మంట, మంట, ఇంకోచోట మంట, తరవాత చెవి తమ్మె నాది కాకుండా పోయింది, దవడ మూల పోయింది, మెడ మొత్తం ఎవరో అరువు తెచ్చి నాకు తగిలించినట్టుంది. "ఏం కాదమ్మా" అంది నర్సు, నా ఎడమ చెయ్యి తన చేతిలో ఉంది, గ్లవ్స్‌లోంచి కూడా వెచ్చగా ఉంది, మంచి పిల్లే, కానీ ఏం కాదు అనే మాట ఎవరు కనిపెట్టారో గానీ వాణ్ణి తన్నాలి. ఏం కావచ్చో నాకు తెలుసమ్మా. ముందర పెద్ద కండరం, చెవి వెనకనుంచి ఏటవాలుగా రొమ్ము దాకా దిగేది, తల పక్కకి తిప్పితే తాడులా లేస్తుంది చూడు, అదీ. వెనక, భుజాన్ని ఎత్తిపట్టే కండరం. అడుగున కాలర్ బోన్. ఈ మూడు గోడల మధ్య చిన్న గది, ఆ గదిలో నా గడ్డ, ఆ గదికి అడ్డంగా, లోతుగా కాదు, పైపైనే, కొవ్వులో, కుట్టుదారమంత సన్నగా పోయే నరం ఒకటి, భుజాన్ని ఎత్తమని కబురు మోసేది అదే. అక్కకి అన్నీ నరాలే, రక్తం పారేదీ నరమే, కబురు మోసేదీ నరమే, కోపమొస్తే తెగిపోయేవీ అవే, నేను మాత్రం క్లాసులో రక్తానిది సిర, కబురుది నరం అని బోర్డు మీద గీత గీసి విడదీసేదాన్ని. ఈ నరం తెగితే ఎవరూ చావరు. తినొచ్చు, నడవొచ్చు, పాఠం చెప్పుకోవచ్చు. భుజం వాలిపోతుంది, చెయ్యి పైకి లేవదు, దువ్వెన తలదాకా పోదు, అంతే. అంతే అంటే, అక్క మంచం మీంచి లేవదు. ఒక పోగుకి ఇద్దరు ఆడవాళ్లు వేలాడుతున్నారమ్మా సిస్టరూ, అందుకని ఏం కాదు అనకు, నాకు భయంగా ఉంది, నిజం చెప్తున్నా, చాలా భయంగా ఉంది. ఇదేదీ పైకి అనలేదు. మాట్లాడితే మెడ కదులుతుంది.

పుస్తకంలో మెడ బొమ్మ ఉంటుంది, ఎర్రగా కండరాలు, నీలంగా సిరలు, పసుప్పచ్చగా నరాలు, ప్రతిదీ తన చోట తను బుద్ధిగా కూర్చుని. అలాంటి మెడ నేనొక్కటి చూళ్లేదు. ఒకాయనకి పెద్ద కండరానికి అడుగున రెండు కాళ్లుండాల్సింది మూడున్నాయి. ఒకావిడకి చర్మం కింద పారే సిర కుడివైపు అసలు లేదు, దాని వాటా కూడా నేనే మోస్తానన్నట్టు ఎడమవైపుది వేలంత లావెక్కింది. ఇంకొకాయనకి భుజం నరం కండరం కిందనుంచి రావలసింది కండరాన్ని చీల్చుకుని నడిమధ్యనుంచి వచ్చింది. బతికున్నన్నాళ్లూ వాళ్లకెవరికీ తెలీదు, బరువులు మోశారు, పిల్లల్ని ఎత్తుకున్నారు, మెడలు తిప్పి ఎవరెవర్ని చూశారో, పోయాక మా బల్ల మీదికొచ్చి బయటపడ్డారు. మా హాల్లో తప్ప ఇంకెక్కడా జరగని తప్పు ఒకటుంది. పిల్లలు పుస్తకం పక్కన తెరిచిపెట్టుకుని మనిషిని బొమ్మలా తయారుచేస్తారు. బొమ్మలో ఉన్నదాన్ని ఉంచుతారు, లేనిదల్లా కొవ్వే, గీకి బక్కెట్లో పడేస్తారు. మెరుపు అని పిలిచేవాళ్లం ఒకమ్మాయిని, పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా మెడ ముగించి "చూడండి మేడమ్" అని నిలబడింది, చూస్తే అచ్చు పుస్తకమే, నాకు ఒళ్లు మండి బక్కెట్లో చెయ్యి పెట్టి కెలికితే దొరికింది, పుర్రె వెనకనుంచి కాలర్ బోన్ దాకా పోయే కండరం పట్టీ, ఎక్కడో ఒకరికి ఉండేది, మూడు ముక్కలై. "ఇదేంటమ్మా?" "కొవ్వు మేడమ్." "కొవ్వు దానికి కాదు, నీకు పట్టింది" అన్నాను. అప్పట్నుంచి మా హాల్లో ఒకటే కట్టుబాటు. పుస్తకంలో లేనిది కనిపిస్తే కత్తి కింద పెట్టండి, ఎర్రదారం కట్టండి, నన్ను పిలవండి, నేనొచ్చేదాకా ఎవడూ ముట్టుకోకూడదు. దారం ఉండ ఎప్పుడూ నా కోటు జేబులోనే ఉండేది. అన్ని బల్లలకంటే నత్త బల్ల మీదే దారాలెక్కువ, వాడికి ప్రతిదీ అనుమానమే, మేడమ్ మేడమ్ అని పిలవడం, నేను చేస్తున్న పని వదిలి వెళ్లి "అది మామూలు సిరేరా నాయనా, ప్రపంచంలో అందరికీ ఉంటుంది" అనడం. నా తదనంతరం నా ఒంటిని కూడా మా హాలుకే ఇస్తానని చెప్పి ఉంచాను, అక్క విని "మరి నన్నెవరు ఎత్తుతారే?" అంది, ముందు పోయేది ఎవరో అప్పుడే తేలిపోయినట్టు. ఎప్పటికైనా కొయ్యాల్సిన మెడే కదా, కాస్త ముందుగా కోస్తున్నారు, అంతేగా అని నవ్వుకుందామని చూశాను గానీ నవ్వు రాలేదు.

కోస్తున్నాడు. నొప్పి లేదు, లాగడం మాత్రం తెలుస్తోంది, దిండుకి గలీబు విప్పుతున్నట్టు. చురచుర శబ్దం, కాలిన వాసన, కాలేది నేనే. ఈ వాసన నాకు కొత్త, నా హాల్లో ఫార్మలిన్ తప్ప ఇంకో వాసన లేదు, అక్కడ ఏ మెడా కాలలేదు, ఏ మెడనుంచీ రక్తం కారలేదు, ఎవడు ఏది తెంపినా ఏ భుజమూ వాలలేదు, తెగితే దారంతో ముడేసి మళ్లీ పాఠం చెప్పుకున్నాం. చిన్నప్పుడు మా అక్క నాకు స్నానం చేయించేది, నేను ఎముకల గూడుని, చెంబుతో నీళ్లు పోస్తే కాలర్ బోన్ మీద గుంటల్లో నిలిచిపోయేవి, ఎడమవైపు ఒక గుంట, కుడివైపు రెండు. "మా చిట్టికి కుడివైపు ఒక గుంట ఎక్కువిచ్చారు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ గౌను కాలరు లాగి చూపించేది, నేను సిగ్గుతో చచ్చేదాన్ని. మెడిసిన్‌లో చేరాక అద్దం ముందు తల తిప్పి చూసుకుంటే అప్పుడర్థమైంది, పెద్ద కండరానికి నాకు కుడివైపు మూడో కాలుంది, అందుకే రెండు గుంటలు, అక్క అప్పట్లోనే లెక్కపెట్టేసింది. నత్తకి ముందే చెప్పాను. వేలితో తడిమి, తల తిప్పించి, "నిజమే మేడమ్, మూడున్నాయి!" అన్నాడు, కళ్లు మెరిశాయి వెధవకి, పేషెంటునన్న సంగతి ఇద్దరం ఒక్క క్షణం మర్చిపోయాం. స్కాన్‌లో కండరం కనిపించింది, గడ్డ కనిపించింది. సన్నపోగులు కనిపించవు. ఒకచోట తేడా చేసిన దేవుడు ఆ ఒక్కదాంతో ఊరుకోడు, ఒక దారం కట్టిన మెడలో రెండోది వెతకండర్రా అని క్లాసులో చెప్పిందాన్ని నేనే. రెండోది ఎక్కడుందో నాకు తెలీదు. పుట్టినప్పట్నుంచి మోస్తున్నాను, తెలీదు.

"సార్, ఈ కొవ్వు తీసేయనా?" అన్నది ఆడగొంతు, అసిస్టెంటు అమ్మాయి. నా గుండెని లెక్కపెట్టే మానిటర్ టిక్కు టిక్కుమని తొందరపడింది. తీయకమ్మా. ఎవరి పిల్లవో, నీ పేరేంటో, తీయకు, అది కొవ్వు కాదు, నీకు కొవ్వు అనిపించింది గనకే అది కొవ్వు కాదు. నర్సు చెయ్యి నొక్కాను, నొప్పా అమ్మా అంది, కాదని తలూపకూడదు, ఔననకూడదు, ఊరికే నొక్కాను. "ఆగు" అన్నాడు నత్త. ఒక్కమాట. తరవాత చాలాసేపు ఏమీ లేదు, కత్తెర మొన తెరుచుకుంటూ మూసుకుంటూ చేసే చిన్న చప్పుడు తప్ప, తెరిచి, చూసి, మూసి, మళ్లీ తెరిచి, అదే వంగి కూర్చోవడం అయ్యుంటుంది, అదే నాలిక చివర పళ్లమధ్య పెట్టుకోవడం. నెమ్మదిగా చెయ్యి నాన్నా, నెమ్మదిగా, ఇవాళ క్యాంటీన్ మూసేసినా ఫర్లేదు. ఇంతలో "అయ్యో" అంది ఆ పిల్ల, వెచ్చగా ఏదో మెడమీంచి వీపు కిందకి పాకింది, మత్తు లేని చోటికొచ్చాక తెలిసింది, సక్షన్ గొట్టం గరగరమంటూ తాగడం మొదలుపెట్టింది. సిర. ఇక్కడే, సరిగ్గా ఇక్కడే తెగుతాయి నరాలు, కత్తికి కాదు, కంగారుకి. రక్తం వస్తుంది, గది ఎర్రగా నిండుతుంది, ఏమీ కనపడదు, చేతిలో ఉన్న పటకారుతో దొరికినదాన్ని పట్టేస్తారు, రక్తం ఆగుతుంది, సిరతోపాటు పక్కనున్నది కూడా నలిగిపోతుంది. గుడ్డిగా పట్టుకోకురా. గుడ్డిగా పట్టుకోకు. అరుద్దామనుకున్నాను, అరిస్తే మెడ కదులుతుంది, కదిలితే వాడి చెయ్యి జారుతుంది, జారితే, ఛ, ఇంత నోరున్నదాన్ని, క్లాసులో చివరి బెంచీ అదిరేలా అరిచినదాన్ని, పెచ్చూడిన టైలు వైపు చూస్తూ పడుకున్నాను. "పటకారొద్దు. వేలు పెట్టాను, ఆగుతుంది, అందరూ ఊరుకోండి" అన్నాడు నత్త. ఊరుకున్నారు. గదిలో అందరం ఒకళ్ల ఊపిరి ఒకళ్లం వింటూ ఊరుకున్నాం. వాడి వేలు నా మెడలో ఉంది, నా నెత్తురు ఆ వేలికి కొట్టుకుంటూ ఉండి ఉంటుంది. అక్క ఈపాటికి మళ్లీ ఓ కునుకు తీసి లేచి ఉంటుంది, లేవడమంటే కళ్లు తెరవడం, పక్కింటావిడని కూర్చోబెట్టి వచ్చాను, "ఇవాళ కుర్చీ వద్దులే, మంచమే నా సింహాసనం" అంది నేను బయల్దేరేటప్పుడు. గరగర తగ్గింది.

"సిస్టర్, లూప్ ఇవ్వండి. ఎర్రది." లూప్ అంటే సన్నటి రబ్బరు దారం, ఆపరేషన్లో ముఖ్యమైనదేదైనా కనిపిస్తే దాని చుట్టూ వేసి గుర్తు పెట్టుకుంటారు. కత్తి పళ్లెంలో పెట్టిన చప్పుడు వినిపించింది. నాకు ముందే తెలిసిపోయింది, వాడు నోరు తెరవకముందే, కత్తి కింద పెట్టాడు, ఎర్రదారం కట్టాడు, ఇంక మిగిలింది ఒక్కటే. "మేడమ్" అని పిలిచాడు. ఆ పిలుపులో గొంతు కూడా మారలేదు, బల్ల చివర నిలబడి పిలిచిన అదే గొంతు. "మేడమ్, వింటున్నారా? మెడ కదపకుండా పెదాలతో చెప్పండి చాలు. చర్మం కింది సిర రెండు పాయలుగా చీలి కిందకెళ్లి మళ్లీ కలిసింది. ఆ రెండు పాయల మధ్య కంతలోంచి తెల్లటి పోగొకటి దూరి పోతోంది. గడ్డ సరిగ్గా దాని కిందే ఉంది, అతుక్కుని. పోగుని పైకి వెతుక్కుంటూ వెళ్తే మీ కండరం మూడో కాలు కిందకి దూరిపోయింది, ఆపైన కనపడట్లేదు. ఇది చర్మానికి పోయే నరమా మేడమ్, భుజానికి పోయేదా? కరెంటు తగిలించి చూద్దామంటే మత్తుమందులో నానిపోయింది, పలకదు." చర్మానిదైతే తెంపినా నష్టం లేదు, చెవి కింద కాస్త మొద్దుబారుతుంది, చెవిపోగు తగిలినా తెలీదు, గడ్డ మొత్తం బయటికొస్తుంది, అందులో ఏముందో తేలిపోతుంది. భుజానిదైతే. నేను చూడాలి. చూస్తే చెప్తాను, ఇన్ని మెడలు చూశాను, సిరలో కంత చూశాను, కంతలో నరం కూడా ఒకసారి చూశాను, అది చర్మానిదో భుజానిదో, ఏది, ఆ బల్ల కిటికీ పక్కది, వర్షం పడుతోంది, దారం కట్టాం, అందరూ మూగారు, నేనేదో చెప్పాను, ఏం చెప్పాను? గుర్తు రాలేదు. గుడ్డ తీయండర్రా, ఒక అద్దం పెట్టండి, నా మెడ నన్ను చూడనివ్వండి అనాలనిపించింది. "ఎంత లావుంది?" అన్నాను, పెదాలతోనే. "రెండూ అంతే లావుంటాయి కదా మేడమ్." ఔను, నేనే చెప్పాను. "వాలు ఎటు?" "గడ్డ తోసేసింది మేడమ్, వాలు నమ్మడానికి లేదు." వాడు మంచి స్టూడెంటు, నాకు వచ్చిన ప్రశ్నలన్నీ వాడికి ముందే వచ్చేశాయి, మిగిలింది జవాబు, అది నా దగ్గరుందని వాడి నమ్మకం. ఎర్రదారం కట్టి పిలిస్తే మేడమ్ వచ్చి చెప్తుంది, ఎప్పుడూ చెప్పింది, మేడమ్‌కి తెలియని మెడ లేదు. "నాకు తెలీదురా" అన్నాను. ఆ మాట ఏ స్టూడెంటుకీ ఎప్పుడూ అనలేదు. కన్నీళ్లు ముక్కు మీంచి ఎడమ చెంప మీదికి అడ్డంగా జారాయి, తుడుచుకోవడానికి చెయ్యి నర్సు దగ్గరుంది.

పళ్లెంలోంచి కత్తెర తీసిన చప్పుడైంది. తరవాత "సరే మేడమ్" అన్నాడు, మెత్తగా. "తెంపను. పక్కకి లాగి, కిందనుంచి దొరికినంత ముక్క తీసుకుంటాను." లాగడం. లాగినా చాలు నరానికి, తెగక్కర్లేదు, గట్టిగా లాగితే నెలలు నిద్రపోతుంది, ఒక్కోసారి లేవదు, ఇది కూడా నేను చెప్పిందే, చెప్పినవన్నీ ఒక్కొక్కటే నన్ను వెతుక్కుంటూ వస్తున్నాయి. లాగుతున్నారు, మెడ లోపల ఎక్కడో బరువుగా తెలిసింది, "ఇంకాస్త, ఇంకాస్త, చాలు, అక్కడే ఉంచు" అంటున్నాడు ఆ పిల్లతో. సీసాలో ఏదో చిన్నది టప్పున పడింది. నా ముక్క. అది మంచిదో చెడ్డదో చెప్పడానికి ఇంకెవరో ఇంకెక్కడో దాన్ని పలచగా తరిగి రంగులద్ది చూడాలి, అదింకో గుడ్డ, దాని కింద ఇంకొన్నాళ్లు. కుట్లు వేశారు, గుడ్డ తీశారు, వెలుతురు మొహం మీద కొట్టింది, నత్త తలకిందులుగా కనిపించాడు, మాస్కు పైన కళ్లు మాత్రం, వాటి చుట్టూ ముడతలొచ్చాయి వీడికి కూడా. "అయిపోయింది మేడమ్. ఒకసారి భుజం ఎత్తండి." ఎత్తాను. "ఎడమది కాదు మేడమ్, కుడిది." "కుడిదే ఎత్తుతున్నానురా." నర్సు నావైపు చూసి నేలవైపు చూసింది. మళ్లీ ఎత్తాను, ఒళ్లంతా బిగబట్టి, పళ్లు కొరికి, ఎడమ భుజం చెవిని తాకుతోంది, కుడిది అలాగే పడి ఉంది, పిలిస్తే పలకని పిల్లలాగా. "మత్తుమందు మేడమ్, నరం తడిసిపోయింది. సాయంత్రానికి వచ్చేస్తుంది" అన్నాడు. "రాకపోతే?" "లాగినందుకైతే కొంతకాలం పడుతుంది." "అది అసలు భుజానిదేనా కాదా?" వాడు మాస్కు కిందకి లాక్కున్నాడు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "తెలీదు మేడమ్. దారం కట్టాను, చూశాను, తెలీలేదు." తప్పు వాడిది కాదు, వాడంత నెమ్మదిగా ఇంకెవరూ చెయ్యలేరు, మెరుపు చేతిలో పడుంటే ఈపాటికి బక్కెట్లో ఉండేది నా భుజం. నాది కూడా కాదు. ఎవరిదీ కాకపోవడమే నాకు మింగుడు పడలేదు, ఎవరిదైనా అయితే కనీసం తిట్టుకోవచ్చు.

వార్డులో కిటికీ పక్క మంచం ఇచ్చారు. ఎండ దుప్పటి మీద సగం దాకా వచ్చింది. కుడి చెయ్యి దుప్పటి కింద ఉంది, వేళ్లు ఆడుతున్నాయి, మోచెయ్యి మడుస్తోంది, భుజం మాత్రం కదల్లేదు, నేను చూడనప్పుడు కదుల్తుందేమోనని కాసేపు కిటికీలోకి చూశాను. కింద సైకిల్ స్టాండు, ఎవరో ఒకావిడ పెద్ద సంచి భుజానికి ఎత్తుకుంటోంది, ఎంత సులువుగా ఎత్తుకుందో. నర్సు ఫోన్ తెచ్చి "ఇంటినుంచమ్మా, ఇది నాలుగోసారి" అని ఎడమ చెవికి పెట్టింది. "బతికే ఉన్నావా?" అంది అక్క. "ఉన్నా." "గింజ తీశారా?" "సగం." "సగమేంటే, బేరమాడావా?" వెనకాల పక్కింటావిడ నవ్వడం వినిపించింది, అక్క నవ్వలేదు. "మెడ నొప్పుందా?" "లేదు, మొద్దుబారి ఉంది." "మరి భుజం?" అక్కకి నేనెప్పుడూ చెప్పలేదు భుజం సంగతి, ఈ నరం సంగతి, ఒక్కసారైనా చెప్పలేదు, తనకెలా తెలుస్తాయో ఇవన్నీ. "భుజానికేం, బానే ఉంది" అన్నాను. "బానే ఉంటే ఎత్తు." "ఫోన్లో ఎలా చూపించనే?" "చూపించక్కర్లేదు. నేను హైలెస్సా అంటా, నువ్వెత్తు, ఎత్తావంటే నమ్ముతా." అని నిజంగానే గొంతెత్తి "హైలెస్సా" అంది, రోజూ నా చెవిలో అనే అదే కేక, మంచం మీదనుంచి, సగం ఊరు దాటి. ఎత్తాను. ఉన్న బలమంతా పెట్టి ఎత్తాను, మెడలో కుట్లు చిమచిమలాడాయి, కళ్లలో నీళ్లొచ్చాయి. దుప్పటి కదల్లేదు. "లేచిందా?" "లేచింది" అన్నాను. ఫోన్లో తన ఊపిరి వినిపిస్తోంది, పొద్దున్నే నా మెడ పట్టుకున్నప్పుడు వినిపించేలాగే.

"సరేలే చిట్టీ," అంది చివరికి, "రేపు కాస్త ఆలస్యంగా లేద్దాం ఇద్దరం."